కర్మాగార మృతులు – కోర్టుల శిక్షలు

2025 జూను 30వ తేదీ యుదయమున సంగారెడ్డి జిల్లా పాశమైలారమునందలి సిగాచి కర్మాగారములో సంభవించిన ప్రేలుడు తెలుగునాడు మఱచిపోదగినది కాదు. 46 మంది మృతులైనట్లు తేలినది. ఎనమండుగురి జాడయే తెలియలేదు. బీహారు, ఉత్తరప్రదేశము, ఒడిస్సా మున్నగు దూరప్రాంతములనుండి కూలికై వచ్చిన వారు వారిలో పెక్కుమంది గలరు. మా ఓరుగంటికిని ఇట్టి దుఃఖము క్రొత్త కాదు. 2018 జూలై 4వ తేదీని కాశిబుగ్గ దాపున కోటిలింగాల ప్రాంతమందలి బాణసంచా గోదాములో మంటలు చెలరేగి పదిమంది వరకు పనివారు ఆహుతియైరి. అంతకు పూర్వము 2003 జూను 16వ తేదీని గోదావరిఖని బొగ్గుగనిలోనికి నీరు ముంచుకొనివచ్చి 17 మంది కార్మికులు జలసమాధి యైరి.

ఇట్టి ఘోరములు జరిగిన ప్రతిపర్యాయమును మంత్రులు వచ్చి పరామర్శింతురు; పరిహారము ప్రకటింపబడును; విచారణసంఘము నియమింపబడును; పత్రికలు వారము దినములు వ్రాయును. పిమ్మట కేసు కోర్టునకు పోవును. అచట నేమి జరిగినదో తెలిసికొనువారు అరుదు. అందుచేతనే మేము నేడు ఆ చివరి ఘట్టమును గూర్చి వ్రాయదలచితిమి. విచారణలో నున్న వ్యవహారములందు ఫలానివారు దోషులని చెప్పుట మా పని కాదు, మేము చెప్పము. దోషము రుజువైన పిదప, లేక ముద్దాయి తానే దోషము నంగీకరించిన పిదప, ధర్మాసనము శిక్షను ఏ కొలతతో కొలుచుచున్నది యనునదే మా ప్రశ్న.

న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఒక దృశ్యము మనస్సునుండి తొలగకున్నది. పేర్లతో మనకు పని లేదు. ఒక పత్తిమిల్లులో తిరుగుచున్న బెల్టునకు రక్షణగా జాలీ లేకపోవుటచే ఒక పనివాని చొక్కాచేయి అందు చిక్కుకొని అతడు మరణించెను. ఇనస్పెక్టరు ఫ్యాక్టరీల చట్టముక్రింద ఫిర్యాదు దాఖలు చేసెను. మేము వేఱొక కేసు పనిమీద ఆ కోర్టులో కూర్చుండియుంటిమి. కేసు పిలువగానే మిల్లు పక్షపు వకీలు లేచి నేరము నంగీకరించుచున్నామనియు, ఇది మొదటి నేరమనియు, నష్టపరిహారము వేఱుగా చెల్లించితిమనియు, కనికరింపవలయుననియు విన్నవించెను. చట్టము తగ్గరాదని చెప్పిన 25,000 రూపాయలే జుల్మానాగా విధింపబడెను. గుమాస్తా జేబులోనుండి నోట్లు తీసి లెక్కపెట్టి కట్టి రసీదు పుచ్చుకొనెను. ఈ తంతు ముగియుటకు పదినిమిషములు పట్టలేదు. మధ్యాహ్నము మృతుని భార్య బిడ్డను చంకనెత్తుకొని వచ్చి, తన పెనిమిటి కేసు ఎప్పుడు పిలుతురని మమ్ము నడిగెను. అయిపోయినదమ్మా యని చెప్పవలసివచ్చెను. ఆ బెల్టునకు జాలీ వేసిరా లేదా యని ఆనాడు ఆ కోర్టులో ఎవరును అడుగలేదు. మేమును అడుగలేదు.

ఇది ఒక మాజిస్ట్రేటుగారి లోపమని మేము చెప్పబోము. చట్టమే వారి చేతికి అట్టి కొలబద్ద నిచ్చినది. తొందరపాటుచేతను అజాగ్రత్తచేతను మరణము కలిగించిన వారిని శిక్షించు 304-ఎ సెక్షను భారత శిక్షాస్మృతిలో 1870వ సంవత్సరమున చేర్చబడినది. గరిష్ఠశిక్ష రెండేండ్ల ఖైదు, లేదా జుల్మానా, లేదా రెండును. 2024 జూలై 1వ తేదీని భారతీయ న్యాయసంహిత అమలునకు వచ్చువరకు, అనగా 154 సంవత్సరములు, ఈ కొలత మారలేదు. జట్కాబండి తోలువాని యజాగ్రత్తకు ఏ శిక్షయో, వేలమంది మధ్య విషవాయువును నిలువచేయు కంపెనీ డైరెక్టరుల యజాగ్రత్తకును అదే శిక్ష. తెల్లవారు వ్రాసిన ఆ కొలతను స్వరాజ్యము వచ్చిన పిదప కూడ మనము డెబ్బది యైదేండ్లకు పైగా భద్రముగా కాపాడుకొంటిమి. నూతన సంహితలోని 106వ సెక్షను దానిని ఐదేండ్లకు పెంచినది. ఆలస్యముగానైనను అది మంచి మార్పే.

ఇక ప్రత్యేకచట్టముల సంగతి చూడుడు. 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము 92వ సెక్షను ననుసరించి గరిష్ఠశిక్ష రెండేండ్ల ఖైదు, లేదా లక్ష రూపాయల జుల్మానా, లేదా రెండును. రక్షణనియమముల నుల్లంఘించుటచే మరణము సంభవించినచో జుల్మానా 25,000 రూపాయలకు తగ్గరాదు. తీవ్రగాయమైనచో 5,000 రూపాయలకు తగ్గరాదు. భోపాలు దుర్ఘటన తరువాత, 1987లో చేర్చిన 96-ఎ సెక్షను అపాయకరమైన ప్రక్రియలు గల కర్మాగారములకు ఏడేండ్లవరకు ఖైదును, రెండులక్షలవరకు జుల్మానాను విధించినది. కాని, నేరము ఇనస్పెక్టరునకు తెలిసిన మూడుమాసములలోగా ఫిర్యాదు దాఖలు కాకున్నచో కోర్టు దానిని స్వీకరింపరాదనుట ఆ చట్టపు నియమము. గనుల విషయము మఱింత విచారకరము. 1952వ సంవత్సరపు గనుల చట్టములో, నియమోల్లంఘనముచే ప్రాణనష్టము జరిగినచో రెండేండ్ల ఖైదు, లేదా 5,000 రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును విధింపవచ్చునని యుండెను. ఓరుగంటి బాణసంచా ప్రమాదము నాటికి, 1884వ సంవత్సరపు ప్రేలుడు పదార్థముల చట్టమందు చట్టవిరుద్ధముగా వానిని తయారుచేసినవానికి గల గరిష్ఠపు జుల్మానాయు 5,000 రూపాయలే.

ఈ శాసనములన్నిటను "లేదా" యను మాట యొకటి గలదు. ఖైదు లేదా జుల్మానా. వ్యవహారములో ఆ "లేదా" తలుపుగుండా ధనవంతులు వెలుపలికి పోవుచున్నారు. ఒక్కొక్కప్పుడు కోర్టు లేచువరకు కూర్చుండవలెనను శిక్ష కూడ విధింపబడుట కద్దు. సాయంకాలము ముద్దాయి ఇంటికి పోవును. పనివాడు మాత్రము తిరిగి రాడు.

కొలబద్ద యెంత కుఱుచయో లోకమునకు చాటినది భోపాలు వ్యవహారము. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి వెలువడిన విషవాయువు వేలమందిని బలిగొన్నది. అభియోగము మొదట పదేండ్లవరకు ఖైదు విధింపదగిన సెక్షనుక్రింద నుండగా, 1996 సెప్టెంబరులో సుప్రీముకోర్టు దానిని 304-ఎ సెక్షనునకు తగ్గించినది. 2010 జూను 7వ తేదీని, అనగా ఇరువదియైదేండ్లు గడచిన పిమ్మట, భోపాలు మాజిస్ట్రేటుకోర్టు బ్రదికియున్న ఏడుగురు భారతీయ ముద్దాయిలకు రెండేసి యేండ్ల ఖైదును, సుమారు లక్షేసి రూపాయల జుల్మానాను విధించినది. కంపెనీ భారతశాఖకు సుమారు ఐదులక్షల జుల్మానా. ముద్దాయిలు ఆ దినముననే జామీనుపై విడుదలైరి. ఆ కోర్టు చట్టమిచ్చిన గరిష్ఠపు ఖైదునే విధించినది. గరిష్ఠమే అంతటిదైనప్పుడు న్యాయాధిపతి యేమి చేయగలడు?

2025 నవంబరు 21వ తేదీనుండి వృత్తిభద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల సంహిత అమలునకు వచ్చినది. ఫ్యాక్టరీల చట్టమును, గనుల చట్టమును ఇది తనలో చేర్చుకొన్నది. దీని 103వ సెక్షను ప్రకారము, విధిని నిర్వర్తింపకపోవుటచే మరణము సంభవించినచో రెండేండ్లవరకు ఖైదు, లేదా ఐదులక్షల రూపాయలకు తగ్గని జుల్మానా, లేదా రెండును విధింపవచ్చును. తీవ్రగాయమైనచో ఏడాదివరకు ఖైదు, లేదా రెండులక్షలకు తగ్గక నాలుగులక్షలకు మించని జుల్మానా, లేదా రెండును. జుల్మానాలో సగమునకు తగ్గని భాగమును బాధితునకు గాని అతని వారసులకు గాని ఇప్పించు అధికారము కోర్టునకు గలదు. 25,000 రూపాయలనుండి ఐదులక్షలకు పెరుగుటయు, ఆ సొమ్ములో వితంతువునకు భాగము కల్పించుటయు మేలైన మార్పులే. మేలును మేలని చెప్పుటకు మేము సంకోచింపము.

కాని రెండు భయములు గలవు. మొదటిది: మరణమునకు దారితీయని సామాన్యోల్లంఘనములకు ఈ సంహిత రెండులక్షలనుండి మూడులక్షల వరకు అపరాధరుసుము నిర్ణయించినది. దానిని కోర్టు గాక ప్రభుత్వోద్యోగియే విచారించి విధించును. పదిమంది హమాలీలతో నడచు పల్లెటూరి బియ్యపుమిల్లునకును, వందలకోట్ల వ్యాపారము చేయు రసాయనముల కంపెనీకిని ఒకే కొలత. రెండులక్షలు మొదటివానికి ఏడాది సంపాదన కావచ్చును. రెండవవానికి అతిథులకిచ్చు విందు ఖర్చు. సమానశిక్ష యనునది ఇచట సమానన్యాయము కాజాలదు.

రెండవ భయము ఇంతకంటె పెద్దది. మరణము సంభవించిన కేసులలో ఈ సంహిత జుల్మానాకు క్రిందిహద్దు నేర్పరచినదే గాని పైహద్దు నేర్పరచలేదు. హద్దు చెప్పని జుల్మానా అపరిమితమనియు, అయితే అది అతిశయము కారాదనియు మన శిక్షాధర్మమున పూర్వమునుండి యున్న సూత్రమే. అనగా కోర్టు తలచుకొన్న ఐదులక్షలే కాదు, ఐదుకోట్లును విధింపవచ్చును. కాని అనుభవ మేమి చెప్పుచున్నది? 25,000 కనిష్ఠమైననాడు ఆ 25,000 కట్టి పోయిన మిల్లును మేము కన్నులార చూచితిమి. నేడు ఐదులక్షలు కనిష్ఠము. రేపు ఐదులక్షలే అలవాటగును. అప్పుడు కనిష్ఠమే ప్రాణమునకు ధరయై కూర్చుండును. ఇట్లు కాకుండ చూచుటయే ధర్మాసనముల ముందున్న పని.

ఆంగ్లదేశమున ఈ చిక్కును ఎట్లు విప్పిరో చూచుట మంచిది. 1998లో అచటి అప్పీలుకోర్టు, జుల్మానా యనునది కంపెనీని నడపువారికే గాక వాటాదారులకును తగులునంత పెద్దదిగా నుండవలెనని నిర్ణయించినది. 2016 ఫిబ్రవరి 1వ తేదీనుండి శిక్షానిర్ణయమండలి వారి మార్గదర్శకసూత్రములు అమలునకు వచ్చినవి. వాని ప్రకారము న్యాయాధిపతి మొదట అలక్ష్యము ఏపాటిదో నిర్ణయింపవలెను: తెలిసి తెలిసి చేసినదా, తోటివారెల్లరు పాటించు జాగ్రత్తను వదలినదా, ఒక్కనాటి పొరపాటా యని. పిదప దానివలన ఎంతమందికి ఎట్టి అపాయము పొంచియుండెనో చూడవలెను. ఎవరును చావకున్నను అపాయమే నేరము. మరణము సంభవించినచో అది నేరమును గురుతరము చేయును. అటుపిమ్మట కంపెనీ వార్షికవ్యాపార మెంతయో చూడవలెను. అత్యంతమైన అలక్ష్యము, అత్యంతమైన అపాయము గల కేసులో ఐదుకోట్ల పౌండ్లకు మించిన వ్యాపారము గల సంస్థకు 40 లక్షల పౌండ్లనుండి లెక్క మొదలగును. కోటి పౌండ్లవరకు పోవచ్చును. అదే నేరము చేసిన, 20 లక్షల పౌండ్లకు మించని వ్యాపారము గల చిన్నసంస్థకు రెండున్నరలక్షల పౌండ్లనుండి మొదలగును. నేర మొక్కటే, నొప్పి ఇద్దఱికిని సమానముగా తగులునట్లు సొమ్ము మారుచున్నది.

పరదేశపు సరకు మనకేల యని కొందఱనవచ్చును. ఈ సూత్రము పరదేశపుది కాదు. ఢిల్లీ ఓలియం వాయువు కేసులో 1986 డిసెంబరున భగవతిగారి అధ్యక్షతన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, అపాయకరమైన పరిశ్రమ నడపు సంస్థ చెల్లింపవలసిన నష్టపరిహారము ఆ సంస్థ యొక్క పరిమాణమునకును శక్తికిని అనుగుణముగా నుండవలెనని స్పష్టముగా చెప్పినది. సంస్థ యెంత పెద్దదైన పరిహారమంత పెద్దదిగా నుండవలెను; అప్పుడే అది భయము కలిగించును. పరిహారమునకు మన సుప్రీముకోర్టు అంగీకరించిన న్యాయము శిక్షకు మాత్రము ఏల పనికిరాదు? 1995లో అదే కోర్టు కార్మికుని ఆరోగ్యము రాజ్యాంగము 21వ అధికరణమున చెప్పిన జీవనహక్కులో భాగమని తీర్పు చెప్పినది. హక్కు రాజ్యాంగములోను, దాని వెల గుమాస్తా జేబులోను ఉండుట దేశమునకు గౌరవము కాదు.

కావున మేము కోరునవి ఇవి. శిక్ష విధించు ప్రతి మాజిస్ట్రేటును అలక్ష్యము ఏ తరగతిదో, అపాయ మెంతటిదో, ముద్దాయి సంస్థ ఆర్థికస్థితి యెట్టిదో తీర్పులో వ్రాయవలయును. కంపెనీ జమాఖర్చుల పట్టీని ప్రాసిక్యూషనువారు తప్పక దాఖలు చేయవలయును. హెచ్చరికను లెక్కచేయక, తెలిసియు యంత్రమునకు రక్షణ తొలగించినవారి విషయమున ఖైదు మొదటిమాటగా నుండవలయును గాని చివరిమాటగా కాదు. ఆ ఖైదు షిఫ్టు మేస్త్రీపైకి నెట్టబడరాదు. కంపెనీ విషయమున చట్టము చెప్పు ఆక్యుపయరు డైరెక్టరే కావలెనని, కింది యుద్యోగి కారాదని, 1996లో జె.కె. ఇండస్ట్రీసు కేసులో సుప్రీముకోర్టు తేల్చియే యున్నది. లోపమును ఫలాని గడువులో సరిదిద్దుమని ఆజ్ఞాపించు అధికారము పాత చట్టపు 102వ సెక్షనులో నుండెను. మా యెఱుకలో అది నిద్రించుచునే గడపినది. ఇకపై శిక్షతోపాటు ఆ బెల్టునకు జాలీ వేసిరా యను ప్రశ్న ప్రతి కోర్టులోను తప్పక వినబడవలయును.

మృతుని కుటుంబమునకు కేసు తేదీ తెలుపుట విధిగా చేయవలయును. వారసులు బాధితులేయనియు, ప్రాసిక్యూషనునకు తోడుగా వకీలును నియమించుకొనవచ్చుననియు చట్టము చెప్పుచున్నది. శిక్ష చాలదని అప్పీలు చేయు హక్కు మాత్రము ప్రభుత్వమునకే గలదు, కుటుంబమునకు లేదు. అందుచే ప్రభుత్వన్యాయవాది మౌనముగా కూర్చున్నచో, ఒడిస్సాలోని గుడిసెలో నున్న ఆ తల్లికి దిక్కెవరు?

మా మాటలకు ఎదురుచెప్పువారు లేకపోలేదు. శిక్షలు కఠినమైనచో పరిశ్రమలు వేఱు రాష్ట్రములకు తరలిపోవునని యందురు. సంహిత దేశమంతటికి నొక్కటే కాబట్టి తరలిపోయినను తప్పించుకొనుటకు చోటులేదు. అంతేకాదు. జాలీకి, గాలిమరకు, అగ్నిమాపకయంత్రమునకు డబ్బు ఖర్చుచేసిన యజమాని సరకు ప్రియమగును; చేయని వాని సరకు చౌకయగును. శిక్ష తేలికగా నున్నచోట నష్టపోవువాడు ధర్మముగా నడచు యజమానియే. అతని మేలుకొఱకైనను కోర్టులు కఠినముగా నుండవలయును.

పనివాని యజాగ్రత్తయే ప్రమాదమునకు కారణమని మఱికొందఱు. కొన్నిచోట్ల నిజమే కావచ్చును. కాని పండ్రెండుగంటలు నిలుచుండిన మనుష్యుడు అలసిపోవునని, అలసినవాడు పొరపడునని తెలిసియే శాసనము యంత్రమునకు కంచె వేయుమన్నది. ఎన్నడును పొరపడని పనివారే యున్నచో ఆ శాసనముతో పనియే లేదు.

పరిహార మిచ్చితిమి గదా యనువారు కలరు. పరిహారము కుటుంబమునకు చెల్లవలసిన బాకీ. శిక్ష సంఘమునకు చెల్లవలసిన బాకీ. ఒకటి చెల్లించి రెండవది కొట్టివేయుమనుట న్యాయము కాదు. యజమానిని జైలునకు పంపిన మిల్లు మూతపడి మిగిలినవారి కూలి పోవుననుట మాత్రము ఆలోచింపదగిన మాటయే. అందుచేతనే ప్రతి కేసునను జైలు అనక, అలక్ష్యమునకు తగిన తరగతులు, సంస్థశక్తికి తగిన జుల్మానా, సరిదిద్దు ఉత్తరువు అను మూడింటిని కోరుచున్నాము.

ఇది ఓరుగంటికి దూరపు సంగతి కాదు. 1934లో స్థాపింపబడి వేల కుటుంబములకు అన్నముపెట్టిన ఆజంజాహి మిల్లు నేడు లేదు. దాని స్థానమున, 2017 అక్టోబరు 22వ తేదీని శంకుస్థాపన జరిగిన కాకతీయ జౌళిపార్కునందు క్రొత్త కర్మాగారములు లేచుచున్నవి. కేరళనుండియు కొరియానుండియు కంపెనీలు వచ్చినవి. గీసుగొండ, సంగెము మండలముల ఆడుబిడ్డలు ఇప్పుడు నాగళ్ల వెంట గాక యంత్రముల వెంట నడుచుచున్నారు. పరిశ్రమలు రావలయును, మేము స్వాగతము చెప్పుచున్నాము. ఆ బిడ్డలు ఉదయము పోయిన కాళ్లతోనే సాయంకాలము ఇల్లు చేరవలయుననునదే మా షరతు.

ఈ కార్యమునకు క్రొత్త చట్టమునకై వేచియుండ నక్కఱలేదు. రాష్ట్ర హైకోర్టువారు న్యాయాధికారుల శిక్షణలో ఈ విషయమును చేర్చవచ్చును. రాష్ట్రప్రభుత్వమువారు తమ ప్రాసిక్యూటర్లకు నేడే ఉత్తరువు పంపవచ్చును. కార్మికసంఘములవారు, ప్రమాదము జరిగిననాడు గేటువద్ద చేయు ధర్నాతో ఆగక, తీర్పునాడు కోర్టుహాలులో పదిమందిని కూర్చుండబెట్టవచ్చును. మా న్యాయవాదసోదరులకు మా విన్నపము: ఇట్టి కేసు పిలిచినప్పుడు ఎవరి పక్షమున నున్నను, ఊరక చూచుచు కూర్చున్నను, లేచి ఒక్కప్రశ్న వేయుడు. ఆనాడు మేము వేయని ప్రశ్న అది. ఇకమీదట వేయుదుము.